ముహూర్తం క్యూలో ఐదో నంబర్

మా మామగారు కాశీవిశ్వనాథంగారు బరంపురంలో సిజేరియన్లకు ముహూర్తాలు పెడతారు.

పెళ్ళిళ్ళకూ గృహప్రవేశాలకూ కూడా పెడతారు కానీ, ఈ మధ్య గిరాకీ అంతా ఆపరేషన్లకే. గోసాని నువాగాం పేటలో మా ఇంటి వరండా మీద పొద్దున్నే ఎవరో ఒకరు స్కానింగ్ కవరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటారు. "డాక్టరుగారు ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఇచ్చారు?" అని ఆయన చాలా మామూలుగా అడుగుతారు. ఆ మధ్యలో మంచి నక్షత్రం, మంచి లగ్నం వెతికి చెబుతారు. నేను బెంగళూరు కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తాను. కొత్త వెర్షన్ ఎప్పుడు జనంలోకి వదలాలో, వదిలాక తేడా కొడితే ఎలా వెనక్కి తీసుకోవాలో చూడటం నా ఉద్యోగం. అంటే మేడ మీద నేనూ, కింద వరండాలో ఆయనా చేసేది ఒకటే. రిలీజ్ డేట్లు ఇస్తాం. తేడా అల్లా, ఆయన ఇచ్చిన వాటిని వెనక్కి తీసుకోవడం కుదరదు.

అలాంటి ఇంట్లో కోడలినై ఉండి నేను రెండో కాన్పుకి ముహూర్తం వద్దన్నాను. నొప్పులు వచ్చేదాకా ఆగుతానన్నాను. మామూలుగా కంటానన్నాను.

మొదటిది చిన్ను. ఇప్పుడు నాలుగేళ్ళు. కడుపులో తల పైకి పెట్టి, దర్జాగా కూర్చుని, ఎంతకీ తిరగలేదు. కోసి తీశారు. నా పొత్తికడుపు మీద అడ్డగీతని చిన్ను "నా గుమ్మం" అంటుంది. ఇంటికొచ్చిన చుట్టాలతో "నేను అమ్మ గుమ్మంలోంచి వచ్చాను, చూస్తారా?" అంటుంది. వాళ్ళు చూస్తామనేలోపు నేను కాఫీ పెట్టడానికి లేచిపోతాను.

ఈసారి బిడ్డ తల కిందికే ఉంది. అందుకే ఎనిమిదో నెల్లో మా డాక్టరు సుచరితా పాఢి ముందు ఆ మాట ఎత్తాను. ఆవిడ ఒడియా మనిషి, కానీ ఇన్నేళ్ళు తెలుగు పేషెంట్లను చూసి చూసి మా అత్తయ్యకన్నా ధాటిగా తెలుగులో తిడుతుంది. నాకు ఒక పక్క మా ఆయన మోహనకృష్ణ, ఇంకో పక్క అత్తయ్య విజయకుమారి కూర్చున్నారు.

"పాత కుట్టు ఇడిపోదా డాక్టరమ్మా?" అంది అత్తయ్య.

"రెండొందల మందిలో ఒకళ్ళకి విడిపోవచ్చు. లేదని చెప్పను. అందుకే నొప్పులు మొదలవగానే ఇక్కడికి రావాలి. బిడ్డ గుండె చప్పుడు వింటూనే ఉంటాం, థియేటర్ తయారుగా ఉంటుంది. నేను టేబుల్ ఎక్కమంటే ఇంక మాట ఉండకూడదు."

"అవుతుందా అసలు?" అన్నాను.

"వందమంది ప్రయత్నిస్తే డెబ్బై మందికి అవుతుంది. మిగతా ముప్పై మందికి నొప్పులూ తప్పవు, కోతా తప్పదు, అదీ హడావిడిగా. ముందే ఆపరేషన్ పెట్టుకుంటే ఆ హడావిడి ఉండదు. కానీ కోత మీద కోత పడేకొద్దీ తర్వాతి కాన్పులో మాయ పాత కుట్టుకి అతుక్కునే ప్రమాదం పెరుగుతుంది. మూడోది కావాలనుకుంటే అదీ ఆలోచించుకోవాలి."

"మూడోదా?" అన్నాడు మోహనకృష్ణ. ఆ రోజంతటికీ అతను మాట్లాడిన మాట అదొక్కటే.

"మీరైతే ఏం చేసేవారు?" అని డాక్టర్ని అడిగాను.

"నాకు ఇద్దరూ ఆపరేషనే. నన్నడక్కు. నీకు రెండు దారులూ ఉన్నాయి, రెండూ మంచివే. నీ ఒళ్ళు, నీ ఇష్టం."

నా ఇష్టం ఏమిటో నాకు అప్పటికే తెలుసు. చిన్ను పుట్టినప్పుడు నేను ఆకుపచ్చ గుడ్డకి ఇవతల ఉన్నాను. అవతల ఏదో జరిగింది, ఎవరో ఏడ్చారు, ఒక ఎర్రటి మొహం చూపించి పట్టుకుపోయారు. నా కూతురి పుట్టుకకి నేను గెస్టుగా వెళ్ళొచ్చినట్టు ఉంది. ఈసారి ఆ గుడ్డ లేకుండా చూడాలి. భయం లేదా అంటే ఉంది. మా ఊరి ఠాకురాణి అమ్మవారి జాత్రలో జెయింట్ వీల్ ఎక్కి కూర్చున్నాక వేస్తుందే, అలాంటి భయం. దిగిపోదామనిపించే భయం కాదు, తొందరగా తిప్పరా బాబూ అనిపించే భయం.

మామగారికి మాత్రం నాకు నెలలు నిండే వారంలోనే గురుపుష్య యోగం కనిపించింది.

"గురువారం నాడు పుష్యమి పడ్డం ఎంత అరుదో తెలుసా తల్లీ! పదకొండు నుంచి పదకొండున్నర లోపు. ఆ గడియలో పుట్టినవాళ్ళకి తిరుగుండదు. ఎవరెవరికో పెట్టిచ్చాను, నా ఇంటి పిల్లకి వద్దంటే ఎలాగ?"

"ముగ్గుర్ని కన్నాను," అంది అత్తయ్య వంటింట్లోంచి. "ఒక్కడికైనా గడియ పెట్టేరేటి మీరు? ఆ పొద్దు ఏ పెళ్ళిలో మంత్రాలు సదువుతున్నారో కూడా తెలీదు."

"అందుకే వీడిలా తయారయ్యాడు," అన్నారు మామగారు మోహనకృష్ణ వైపు చూసి.

వీడు అప్పుడు పనికొచ్చాడు. గురువారం పదకొండు లోపు నొప్పులు మొదలైతే ప్రణతి చెప్పినట్టు, అంటే నేను చెప్పినట్టు, మొదలవకపోతే నాన్నగారు చెప్పినట్టు అని ఒప్పందం కుదిర్చాడు. డాక్టరు ఇంకో పదిరోజులు ఆగొచ్చనే అంది కానీ, మా ఇంట్లో పుష్యమి ఆగదు. డెడ్‌లైన్ అంటే నాకు కొత్తేం కాదు. సరేనన్నాను.

అక్కడి నుంచి మా ఇల్లు క్రికెట్ మ్యాచ్ అయింది. నడిస్తే నొప్పులు తొందరగా వస్తాయని పొద్దున్నా సాయంత్రం చిన్ను చెయ్యి పట్టుకుని వీధులన్నీ తిరిగాను. అత్తయ్య పాత కుట్టు సంగతి గుర్తొచ్చినప్పుడల్లా దేవుడి గదిలోకి, అది మరిచిపోయినప్పుడల్లా నా వెనకాల నడకకి వచ్చేది. మామగారు మర్యాదస్తులు, నొప్పుల గురించి కోడలిని అడగరు. "ఇవాళ కూడా అంతా మామూలేనా అమ్మా?" అనేవారు. మామూలేనంటే నవ్వు దాచుకోలేక పంచాంగం మొహానికి అడ్డం పెట్టుకునేవారు.

బుధవారం దాకా అంతా మామూలే. ఆ సాయంత్రం ఓడిపోయిన టీములాగా బ్యాగు సర్దుకుని నర్సింగ్ హోమ్‌లో చేరాను.

గురువారం తెల్లవారుతూనే నడుము లాగింది. ఆ మంచం మీద పడుకుంటే ఎవరికైనా లాగుతుందని ఊరుకున్నాను. పదిన్నరకి ఆపరేషన్ గౌను తొడిగి కారిడార్‌లోకి తీసుకొచ్చారు. అక్కడ చూద్దును కదా, నాలాంటి గౌన్లే ఇంకో నాలుగు. ఒక్కో గౌను చుట్టూ ఒక్కో కుటుంబం, ఫ్లాస్కులూ, పాత చీరలూ. అందరి కళ్ళూ గోడ గడియారం మీదే.

మామగారు లోపలికి రాగానే కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. అందరూ లేచి నిలబడ్డారు.

"పంతులు బాబూ!" సోనేపూర్‌లో చేపల వ్యాపారం చేసే ఢిల్లీశ్వరరావు ముందుకొచ్చి దణ్ణం పెట్టాడు. "మా కోడల్ని దీవించడానికి మీరే వొచ్చినారా! మీరు సెప్పిన గడియకే, పదకొండుకే కొయ్యమని డాట్రమ్మకి సెప్పీసినాం."

"మాకూ పదకొండే కదండీ చెప్పారు," అన్నాడు పక్కాయన.

"మాకూను," అంది ఖల్లికోట నుంచి వచ్చిన ఒక ముసలమ్మ.

నాలుగో కుటుంబం ఒడియా వాళ్ళు. వాళ్ళు మామగారి కాళ్ళకి దణ్ణం పెట్టారు.

డాక్టరు థియేటర్ తలుపు తీసుకుని వచ్చింది. "వీళ్ళందరి పంతులుగారూ మీరేనా? నాకు టేబుల్ ఒకటి, చేతులు రెండు. రెండో థియేటర్ ప్రాణం మీదికి వచ్చిన వాళ్ళకే, దాన్ని ముహూర్తాలకి ఇవ్వను. అరగంటలో ఒకటి, మహా అయితే రెండు. ముందు ఎవరో మీరే చెప్పండి."

మామగారు గడియారం చూశారు, నన్ను చూశారు, ఢిల్లీశ్వరరావుని చూశారు. వేరు వేరు ఊళ్ళ వాళ్ళకి విడివిడిగా చెప్పిన గడియ ఒక్క గుమ్మం ముందు ఇలా లైను కడుతుందని ఆయనకి ఎప్పుడూ తట్టలేదు. సర్వర్ ఒకటే, యూజర్లు ఐదుగురు. నేనైతే ముందే టెస్ట్ చేసేదాన్ని.

"మీ కోడలే ముందు బాబూ," అన్నాడు ఢిల్లీశ్వరరావు. మొహం మాత్రం వాడిపోయింది. "సొంత మనిసి కదా."

"కాదు," అన్నారు మామగారు. "మిమ్మల్ని నమ్మించి పిలిచినవాణ్ణి నేను. నా కోడలిది ఆఖరు. ఐదో నంబరు వెయ్యండి డాక్టరుగారూ."

"ఏటండీ!" అంది అత్తయ్య.

నాకు గుండె లేచి గంతేసింది. "మామగారూ, ఐదో నంబరంటే మధ్యాహ్నం దాటుతుంది. ముహూర్తం ఎలాగూ పోయింది. మరి ఆ కోత ఎందుకండీ నాకు?"

ఆయన నోరు తెరిచారు. జవాబు వచ్చేలోపు నా నడుములో లాగుతున్నది చుట్టూ తిరిగి పొట్ట ముందుకొచ్చి గట్టిగా బిగిసింది. గోడ పట్టుకున్నాను. వదిలాక ఊపిరి పీల్చుకుని, ఆ నలుగురు గర్భిణుల ముందు, ఆ గౌనులో, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాను.

డాక్టరు నన్ను లోపలికి తీసుకెళ్ళి చూసి బయటికొచ్చింది. "మూడు సెంటీమీటర్లు తెరుచుకుంది. ఇవి నొప్పులే. తెల్లారి నుంచే ఉండి ఉంటాయి. ఈ పిల్లకి చెప్పుకోవాలని తెలియలేదు."

"మంచం అనుకున్నాను," అన్నాను.

అందరూ మామగారి వైపు తిరిగారు. ఆయన గడియారానికి దగ్గరగా వెళ్ళి, కళ్ళజోడు సర్దుకుని చూశారు. ఆయన జీవితంలో ఎవరికీ నిమిషం కూడా అటూ ఇటూ చెప్పలేదు.

"ఇంకా పదకొండు కాలేదు," అన్నారు మెల్లిగా. "మాట మాటే. అమ్మాయి చెప్పినట్టు కానివ్వండి."

ఢిల్లీశ్వరరావు కోడలు పదకొండుకి లోపలికి వెళ్ళింది. నేను లేబర్ రూమ్‌కి వెళ్ళాను.

నొప్పుల గురించి గొప్పగా చెప్పాలని లేదు. మధ్యాహ్నానికి, ఆ ఆకుపచ్చ గుడ్డ అంత చెడ్డదేం కాదేమో అనిపించింది. పొట్టకి బెల్టు కట్టారు. అందులోంచి బిడ్డ గుండె గుర్రంలా పరుగెత్తుతూ వినిపించేది. ఒకసారి ఆ గుర్రం నెమ్మదించింది. డాక్టరు మొహం మారలేదు కానీ, నర్సుతో ఒడియాలో రెండో థియేటర్ లైట్లు వెయ్యమంది. నన్ను ఎడం పక్కకి తిప్పారు. మోహనకృష్ణ నా చెయ్యి పట్టుకున్నాడో, నేనే అతని చెయ్యి విరిచానో గుర్తులేదు. కాసేపటికి గుర్రం మళ్ళీ అందుకుంది.

"హఉ," అంది డాక్టరు. సరేనని. "కానీ మళ్ళీ ఇలా చేస్తే టేబులే."

"మాట ఉండదు," అన్నాను. నిజంగానే అన్నాను. అప్పటికి నాకు కావలసింది గెలుపు కాదు, ఆ గుర్రం ఆగకుండా ఉండటం.

మళ్ళీ అలా చెయ్యలేదు. సాయంత్రానికి అంతా తెరుచుకుంది. ఇంక ముక్కడమే అన్నారు. అప్పుడు మోహనకృష్ణ బయటికెళ్ళి వచ్చాడు. మొహంలో ప్రాణం లేదు.

"ప్రణతీ, కోప్పడకు. నాన్నగారు అడగమన్నారు. వర్జ్యం వచ్చిందట. ఇంకో గంటన్నర ఆగగలవా అని."

నేను ఏమన్నానో ఇక్కడ రాయను. తలుపు అవతలికి వినిపించిందని అత్తయ్య తర్వాత చెప్పింది.

"జోర్‌రే దీదీ, జోర్‌రే!" అని నర్సు అరిచింది. జోరుగానే. ఇంత బరువైన రిలీజ్ ఏదీ నేను ఇంతకుముందు వదల్లేదు. మంటలా, ఆ తర్వాత ఏదో జారినట్టు, ఆ తర్వాత నా గుండెల మీద వెచ్చగా, తడిగా, కోపంగా ఒక పిల్ల. మధ్యలో ఏ గుడ్డా లేదు. నన్ను చూసి మొహం చిట్లించింది. అచ్చం వాళ్ళ తాతగారు నా జీన్స్ చూసినప్పుడు పెట్టే మొహం. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో తెలియలేదు. "మళ్ళీ ఎక్కుతావా జెయింట్ వీల్?" అని అప్పుడు ఎవరైనా అడిగితే టిక్కెట్టు కొనేసేదాన్ని.

గదిలోకి మార్చాక మామగారు గుమ్మంలోనే నిలబడ్డారు. వెనకాల ఢిల్లీశ్వరరావు, చేతిలో మిఠాయి పెట్టె. ఆయనకి పదకొండూ పదికి మనవడు పుట్టాడు.

"ఏ గడియలో పుట్టిందండీ బాబూ, పాపగారు?"

"మంచి గడియలోనే," అన్నారు మామగారు.

"వర్జ్యం కదండీ," అన్నాను మంచం మీంచి. ఒంట్లో ఓపిక లేదు కానీ ఊరుకోబుద్ధి కాలేదు.

ఆయన దగ్గరికొచ్చి పిల్లని చూశారు. "వర్జ్యం మనం మొదలెట్టే పనులకమ్మా. దీన్ని మనం మొదలెట్టలేదు కదా. తనే వచ్చింది."

"మరయితే ఇందాక ఆగమని కబురంపడం ఏటి?" అంది అత్తయ్య.

"ఇందాక కంగార్లో ఉన్నానే," అన్నారాయన. మా పెళ్ళయ్యాక ఆయన ఒప్పుకున్న మొదటి బగ్ అది.

చిన్ను అందరి కాళ్ళ మధ్యలోంచి దూరి మంచం ఎక్కింది. చెల్లిని చూసింది. ముక్కు పట్టుకుని చూసింది. తర్వాత అసలు విషయానికి వచ్చింది.

"అమ్మా, చెల్లి నా గుమ్మంలోంచే వచ్చిందా?"

"లేదమ్మా. వేరే దారిలో వచ్చింది."

"నా గుమ్మం తియ్యలేదా?"

"తియ్యలేదు."

చిన్ను దుప్పటి మీంచే నా పొట్టని చేత్తో తడిమింది. "అయితే అది నా ఒక్కదానిదే," అని చెల్లికి స్పష్టంగా చెప్పి, ఢిల్లీశ్వరరావుగారి పెట్టెలోంచి మిఠాయి తీసుకుంది.