పెదబాబు గారు రాయని అంకె

"మిషనే రాసేత్తే మరి నువ్వేం చేత్తావమ్మా?" అని వీరవేణి సారికను ఆటపట్టించింది.

"అది సరిగ్గా రాసిందో లేదో చూస్తానండి," అంది సారిక, ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండా.

మత్స్యకారుల సొసైటీ గదిలో ముగ్గురం మధ్యాహ్నం టీ తాగుతున్నాం. సారిక రామచంద్రపురం కాలేజీలో నా దగ్గర కంప్యూటర్లు చదువుకుంది. ఇప్పుడు సొసైటీ వెబ్‌సైటు పని ఆమెది. నా భార్య పోయాక ఇంట్లో మాట వినపడటం లేదని ఎవరో చెబితే, "సాయం కావాలి సార్, రండి" అని పిలిచింది. ఆమెకు నా సాయం అంతగా అక్కర్లేదని నాకు తెలుసు. అయినా పిలిచింది.

పెదబాబు గారనే పెద్దాయన రోజూ మొగ దగ్గర, అంటే గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట, అల ఎత్తు చూసి ట్యాబ్‌లో కొడతారు. అది సర్వర్‌కు చేరుతుంది. సర్వర్‌ను అడిగి ఆ అంకెను వెబ్‌సైటుకు తెచ్చే కోడును సారిక చేత్తో రాయలేదు. సర్వర్ ఏమేం ఇస్తుందో వివరించే స్పెసిఫికేషన్ ఫైలును, దాన్ని చదివి కోడు రాసిపెట్టే జనరేటర్ అనే ప్రోగ్రాంకు ఇచ్చింది. అంకెను తెచ్చే ఆ కోడు మొత్తాన్ని, అంటే క్లయింట్ లైబ్రరీని, అదే తయారుచేసింది. అంకె చిన్నదైతే తెర పచ్చగా, పెద్దదైతే ఎర్రగా కనబడుతుంది. ఆ ఉదయమే వెబ్‌సైటు అందరి ఫోన్లలోకీ వచ్చింది. ఇన్నాళ్లూ పెదబాబు గారు అల ఎత్తు రాస్తూ వచ్చిన గోడ మీది పాత నల్లబల్లను దించి బీరువా వెనక పెట్టేశారు.

"పచ్చగా ఉందని చూసుకునే బయల్దేరారండి మా ఆయన," అంటూ వీరవేణి ఫోను నా చేతికిచ్చింది. ఆమె భర్త సురేష్‌బాబు పడవ అప్పుడే రేవు విడిచింది.

అల ఎత్తు 0. సముద్రం ప్రశాంతం.

చేపల చెరువులో కూడా గాలికి అంతకన్నా పెద్ద అల లేస్తుంది. బయట షెడ్డు మీద రేకు టపటపా కొట్టుకుంటోంది.

పెదబాబు గారు లోపలికి వచ్చి ట్యాబ్‌ను బల్ల మీద బోర్లా పెట్టారు.

"ఇవాళ అల ఎంత కొట్టారండీ?" అని అడిగాను.

ఆయన వీరవేణి వైపు చూసి కళ్లు దించుకున్నారు. "ఏం కొట్టలేదండి. వదిలేశాను."

వీరవేణి చేతిలో గ్లాసు ఆగిపోయింది. "వదిలేశారా, బాబాయ్?"

"నల్లబల్ల మీద గడి వదిలేసినట్టే వదిలేశానమ్మా. పడవ కట్టు విప్పే వేళ చెడ్డమాట ఎలా రాత్తాను? ఖాళీ చూసి ఎవరూ కదలరనుకున్నాను."

అప్పటికి నాకు అర్థమైంది. ఈ రేవులో బయల్దేరే పడవకు 'వద్దు' అని చెప్పరు, రాయరు. గడి ఖాళీగా ఉంటే వెళ్లొద్దని అర్థం. ఇక్కడ పుట్టినవాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. మాకు చెప్పాలని వాళ్లకు తోచలేదు, అడగాలని మాకూ తోచలేదు.

సారిక ల్యాప్‌టాప్‌ను నా వైపు తిప్పింది. "సార్, ఖాళీగా ఉంటే సర్వర్ ఆ అంకెను పంపదు. స్పెసిఫికేషన్‌లో అది ఎప్పుడూ వస్తుందని రాశాను. రాకపోతే లైబ్రరీ సున్నా పెట్టేస్తుంది."

నేను సురేష్‌బాబుకు ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది.

"ఎత్తరండి," అంది వీరవేణి. "కట్టు విప్పాక ఒడ్డు నుంచి ఫోనొత్తే వెనక్కి పిలిచినట్టే. నాదీ ఎత్తరు. సరుగుడు తోట దగ్గర పాటు కోసం ఆగుతారు. నీళ్లు సముద్రంలోకి లాగడం మొదలవగానే మొగ దాటేత్తారు. తోట దాటితే సిగ్నలుండదు. అక్కడే చివరిసారి ఫోను చూసుకునేది."

"ఎర్రగా పెట్టేయనా సార్?" అంది సారిక.

"వద్దమ్మా. ఖాళీని ఖాళీగానే చూపించు. వాళ్లకు అది చదవడం వచ్చు."

"లైబ్రరీలోనే దిద్దేస్తాను, తొందరగా అవుతుంది."

"మళ్లీ జనరేట్ చేయగానే ఆ దిద్దుబాటు పోతుంది. ఇంకో పడవకు మళ్లీ సున్నా కనబడుతుంది. స్పెసిఫికేషన్‌లోనే మార్చు."

సారిక ఆ అంకె రాకపోవచ్చని ఫైలులో మార్చి జనరేటర్‌ను నడిపింది. కొత్త లైబ్రరీ క్షణంలో వచ్చింది. కానీ వెబ్‌సైటు బిల్డ్ కాలేదు, అంటే ఆ లైబ్రరీతో కలిసి తయారవలేదు. తెర నిండా ఎర్రటి ఎర్రర్లు. అంకె తప్పక వస్తుందని మా కోడు నమ్ముకున్న చోట్లన్నీ బయటపడ్డాయి: రంగు వేసే చోట, సగటు కట్టే చోట, నిన్నటితో పోల్చే చోట.

"తోట దగ్గరికి చేరిపోయారు," అంది గుమ్మంలోంచి వీరవేణి. కాసేపటికి, "ఇంజను ఆపేశారు."

సారిక ఒక్కో చోటా దిద్దుతోంది. వేళ్లు తడబడి ఒకటి తప్పుగా కొట్టింది. నేను పక్కన కూర్చుని పైకి చదువుతూ ఉన్నాను, ఆమెకు ఇంకో గొంతు తోడుంటుందని. ఆస్పత్రిలో నా భార్య చివరి రిపోర్టు చూసి డాక్టరుగారు ఏమీ అనలేదు. మంచినీళ్లు గ్లాసులో పోసి నా ముందు పెట్టారు. ఆ రోజు నాకు అన్నీ అర్థమయ్యాయి.

"అయింది," అంది సారిక. "పైకి పంపేశాను. కానీ సార్, ఆయన పాత పేజీ తెరిచే ఉంచుకుంటే అదే కనబడుతుంది. మళ్లీ తెరవాలి."

వీరవేణి వెనక్కి తిరిగింది. "ఆ డొక్కు ఫోనా? దానంతటదే ఆరిపోద్దండి, ఎప్పుడు చూసినా మళ్లీ తెరవాల్సిందే. పారేయండంటే వినరు." అనేసి పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నలుగురం గుమ్మంలో నిలబడ్డాం. పడవ తోట నీడలో చిన్నగా కనబడుతోంది. ఒడ్డున చిక్కుకున్న గుర్రపుడెక్క నెమ్మదిగా కదిలి సముద్రం వైపు సాగింది. పాటు మొదలైంది.

ఇంజను చప్పుడు వినిపించింది. పెదబాబు గారు కళ్లు మూసుకున్నారు. పడవ ముక్కు మొగ వైపే కాస్త జరిగింది. వీరవేణి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ముక్కు ఇంకా తిరిగింది, ఆగకుండా తిరిగి, మా వైపుకు వచ్చింది.

సురేష్‌బాబు రేవులో దిగి తాడు కట్టేసరికి మొగ దగ్గర అల విరిగిన హోరు గది దాకా వినిపిస్తోంది. అతను అటు చూడలేదు.

"డీజిల్ తక్కువైనట్టనిపించిందండి," అన్నాడు నాతో.

"అవును, తక్కువే ఉంటది," అంది వీరవేణి. ట్యాంకు నిండా పోయించింది తనేనని టీ తాగుతున్నప్పుడే మాతో చెప్పింది. గ్లాసు కడిగి మొగుడికి టీ పోసింది. పోస్తుంటే కాస్త ఒలికింది. అందరం చూడనట్టే ఉన్నాం.

పెదబాబు గారు బీరువా వెనక నుంచి నల్లబల్ల తీసి, తుడిచి, పాత మేకుకు తగిలించారు. దాని మీద ఏమీ రాయలేదు.