ఇంటి మరమ్మతు కారణంగా

మా ప్రహరీ అవతల రెండు గదుల రేకుల ఇల్లు జోజమ్మది. మా మామిడి గోడౌన్లో కాయలు ఏరే పని చేస్తుంది. మొగుడు రాయప్ప తొమ్మిదేళ్ళుగా రాజమండ్రి జైల్లో ఉన్నాడు. తోట కాపలా దగ్గర గొడవలో కర్ర తిప్పితే ఒక మనిషి ప్రాణం పోయింది. అది తప్పు కాదని జోజమ్మ ఏనాడూ అనలేదు.

ఈ ఏడు అతను ముప్ఫై రోజుల పెరోల్ అడిగాడు. దరఖాస్తులో కారణం 'ఇంటి మరమ్మతు' అని రాశారు. నిజమే. గాలివానకి కొమ్మ విరిగిపడి ఒక రేకు పగిలింది, వెనక గోడ నెర్రె విచ్చింది. వానలు పడేలోపు వచ్చి బాగుచేసుకోవాలి. అయితే జైలువాళ్ళు ఒక్కళ్ళే తేల్చే పని కాదది. పోలీసులు వాకబు చేస్తారు, ప్రొబేషన్ ఆఫీసరు ఇల్లు చూస్తాడు, చనిపోయినవాళ్ళ తరఫు మాట అడుగుతారు, ఇద్దరు జామీను ఉండాలి. అందులో ఒకరు మా ఆయన.

అసలు భయం ఇంకోటి. నాలుగేళ్ళ కిందట పెరోల్ మీద వచ్చినప్పుడు, తిరిగి వెళ్ళాల్సిన రోజు పొద్దున్నే రాయప్ప తల్లి పోయింది. సమాధి కార్యక్రమం ముగించుకుని రెండు రోజులు ఆలస్యంగా వెళ్ళి లొంగిపోయాడు. స్టేషన్లో చెప్పి ఒక అర్జీ పెట్టుకుంటే గడువు పెంచేవారేమో. ఆ ఏడుపుల్లో ఎవరికీ తోచలేదు. శిక్షలో తగ్గాల్సిన రోజులు కొన్ని కోసేశారు, మూడేళ్ళ దాకా పెరోల్ మాటెత్తొద్దన్నారు. ఇప్పుడు కూడా కాదంటే మళ్ళీ అడగడానికి మొహం చెల్లదని జోజమ్మ దిగులు.

ఆఫీసరు మంగళవారం వస్తాడని కబురొచ్చింది.

"అమ్మగారూ, అంత పెద్దాయన వస్తుంటే ఇల్లు ఇలా ఉంచుతామా?" అంది జోజమ్మ.

నాకూ సబబే అనిపించింది. గోడౌన్ నుంచి పాత మామిడి పెట్టెల చెక్కలు ఇప్పించాను. పగిలిన రేకు కింద వాటిని మేకులతో బిగించి సున్నం వేసింది. గోడ నెర్రె మీద బైబిలు వాక్యాల క్యాలెండరు తగిలించింది. ఇల్లు తెల్లగా మెరిసింది.

మంగళవారం ఆ ఆఫీసరు, ఆనంద్ బాబుగారు, వచ్చి కుర్చీలో కూర్చుని ఫైలు తెరిచారు. పైకప్పు చూశారు, గోడలు చూశారు.

"ఇల్లు బాగుందమ్మా."

"నిన్ననే సున్నం వేశామండీ." జోజమ్మ మొహం వెలిగిపోయింది.

"మరి ఇందులో మరమ్మతు చెయ్యాల్సింది ఏంటి?"

మజ్జిగ గ్లాసు ఆయనకి ఇవ్వబోతున్నదాన్ని అలాగే నిలబడిపోయాను.

"ఉందండీ. లోపల్లోపల ఉందండీ" అంది జోజమ్మ.

"లోపల్లోపల ఉంటే నేనేం రాసుకోను? పోయినసారి చూస్తే రెండు రోజులు లేటు. ఈసారి మరమ్మతని రాసి, ఇల్లు పెళ్ళివారి విడిదిలా పెట్టారు."

జోజమ్మ బయటికెళ్ళింది. కాయలు కోసే చిక్కం, చివర వల కట్టిన వెదురు గడ, పట్టుకొచ్చింది.

"కాస్త ఇటు జరగండి సార్."

"ఏం చేస్తున్నావమ్మా?"

రెండు పోట్లకి కదల్లేదు. మూడో పోటుకి చెక్క ఊడి, ఎండుటాకులూ సున్నం పెళ్ళలతో నేల మీద పడింది. ఎండ తిన్నగా ఆయన ఫైలు మీద పడింది. ఆ ఊపులోనే వెళ్ళి క్యాలెండరు కూడా తీసేసింది. నెర్రెలో చెయ్యి పట్టేట్టుంది.

"ఈ సలహా ఎవరిచ్చారు?" అన్నారాయన, తల మీది సున్నం దులుపుకుంటూ.

"చెక్కలు నేనే ఇచ్చానండీ" అన్నాను.

"చదువుకున్నవాళ్ళేనా మీరు?"

"డిగ్రీ అండీ."

ఆయన నవ్వేశారు. ఫోన్లో ఫొటోలు తీసుకుని మజ్జిగ తాగారు. తర్వాత నవ్వు ఆపి అడిగారు.

"ఈసారైనా టైముకి వెళ్తాడా?"

"పంపిస్తానండీ. ఎవరు పోయినా సరే, పంపిస్తాను."

ఆయన ఫైల్లో ఆ మాట రాసుకున్నారు. "రోజూ స్టేషన్లో సంతకం పెట్టాలి. ఊరు దాటకూడదు. ఇంకోటి, అవతలివాళ్ళని కలిసే వచ్చాను. వస్తే రానీ, మా వీధిలోకి మాత్రం రాకూడదు అన్నారు."

"రాడండీ."

మే మొదట్లో రాయప్ప వచ్చాడు. జుట్టు సగం నెరిసింది. పొద్దున్నే స్టేషన్‌కి బయల్దేరేవాడు. ఆ వీధి తగలకుండా చుట్టూ తిరిగి, మైలు ఎక్కువ నడిచి వెళ్ళేవాడు. వచ్చి రేకు మార్చాడు, వాసాలు సరిచేశాడు, గోడకి సిమెంటు పట్టించడం మొదలుపెట్టాడు. గోడ మీంచి నాకు వాళ్ళిద్దరి దెబ్బలాటలు వినిపించేవి. చేపల పులుసులో ఉప్పు గురించి, నిచ్చెన ఎవరు పట్టుకోవాలన్న దాని గురించి. నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో ఒక్క గొంతే విని విని, నాకు ఆ గోల భలేగా ఉండేది.

ఇరవై తొమ్మిదో రోజు పొద్దున సంచి సర్ది గుమ్మంలో పెట్టింది జోజమ్మ.

"గడువు రేపు సాయంత్రం అయిదింటికి కదే. ఈ మూల ఒక్కటీ పూర్తి చేసి వెళ్తాను" అన్నాడు రాయప్ప, తాపీ చేతిలోనే పట్టుకుని.

"ఆ మూల నాకొదిలెయ్. చెయ్యి కడుక్కో."

"మేస్త్రీవా నువ్వు?"

"నువ్వు మాత్రం మేస్త్రీవా? గోడ చూడు, అలలొచ్చినట్టుంది."

అతను నవ్వుకుంటూ చేతులు కడుక్కున్నాడు. స్టేషన్లో సంతకం పెట్టి, రాజమండ్రి వెళ్ళడానికి హనుమాన్ జంక్షన్ బస్సెక్కాడు.

ఆ వారంలోనే జైలు నుంచి ఫోన్ చేశాడట. గేటు దగ్గర రాసుకునే ఆయన కాగితం చూసి, "నువ్వు రావాల్సింది రేపు కదయ్యా" అన్నాడట. జోజమ్మ ఈ మాట గోడౌన్లో అందరికీ చెప్పింది. నాకు మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ కాయలు పక్కన పెట్టి, కొత్తగా వింటున్నట్టే విన్నాను.