జున్ను దాచుకున్న నొప్పి

హదస్సా ఆపరేషన్ వార్డులో నర్సు. మత్తు వదిలిన మనిషి మూలుగు వింటే చాలు, నొప్పి ఏపాటిదో ఆమెకు తెలిసిపోయేది. కానీ నిన్న గర్భసంచి తీయించి ఇంటికి తెచ్చిన కుందేలు జున్ను మూలగడం లేదు.

ఆమె డ్యూటీ ముగించుకొని కార్ఖానా ప్రాంతంలోని ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. తలుపు తీసిన భర్త షాలేమ్, "పరేషాన్ కాకు, మంచిగనే ఉంది. పొద్దట్నుంచి అల్లరే లేదు," అన్నాడు.

హదస్సా బోను ముందు కూర్చుంది. జున్ను చెవులు నిక్కించి చూసింది. కుట్లు పొడిగా ఉన్నాయి. గడ్డి మాత్రం వేసింది వేసినట్టే ఉంది.

బట్టలు తీద్దామని బాల్కనీలోకి వెళ్లి, తెరిచి ఉన్న కిటికీలోంచి లోపలికి చూసిన హదస్సా ఆగిపోయింది. మనుషులు పక్కకు పోగానే జున్ను మారిపోయింది. వీపు గూనిలా వంచి, పొట్ట నేలకేసి అదుముకుంది. కళ్లు సగం మూతపడ్డాయి. చెవులు వీపుకు అతుక్కున్నాయి. పళ్లు నూరుతున్న సన్నని చప్పుడు వినిపిస్తోంది.

కిటికీలోంచే వీడియో తీసి, ఆపరేషన్ చేసిన డాక్టర్ కల్పలతకు పంపింది. వెంటనే ఫోన్ మోగింది.

"కుందేళ్లు మన ముందు నొప్పి దాచుకుంటాయండీ. నీరసంగా కనబడితే ఏదో ఒకటి పట్టుకుపోతుందని వాటి భయం. పెంటికలు వేసిందా?"

హదస్సా లోపలికి వెళ్లి బోను అడుగు చూసింది. ఒక్కటీ లేదు. "లేదు మేడం."

"పేగులు ఆగితే ప్రాణం మీదికొస్తుంది. ఇప్పుడే తీసుకురండి. పొద్దుటి నొప్పి మందు పట్టారు కదా?"

"పట్టాం," అంది హదస్సా.

డాక్టర్ క్లినిక్‌కు వెళ్లే నేరేడ్‌మెట్ దారిలో ఆటో కదిలితే ఒట్టు. హదస్సా ఒళ్లోని బుట్టలో చెయ్యిపెట్టి జున్ను చెవిని తాకింది. చల్లగా తగిలింది.

అంతసేపూ రోడ్డు వైపే చూస్తున్న షాలేమ్, "మందు నేను పట్టలే," అన్నాడు. "మంచిగ కనబడ్డది. ఊకె మందులెందుకని."

తిట్టు నోటిదాకా వచ్చింది. కానీ ఇందాక బోను ముందు కూర్చుని తనూ మోసపోయింది కదా. "డాక్టరమ్మకు నువ్వే చెప్పు," అంది.

క్లినిక్‌లో షాలేమ్ తల దించుకొనే చెప్పాడు. కల్పలత ఎక్స్‌రే తీసింది. "పేగుల్లో అడ్డమేం లేదు. నొప్పికి తిండి మానేసింది, తినక పేగులు మందగించాయి." ఇంజెక్షన్ ఇచ్చి, చర్మం కింద గోరువెచ్చని సెలైన్ ఎక్కించి, వెచ్చటి తువ్వాల్లో పెట్టింది. "ఎదురుగా ఉండకండి. బయటి నుంచి చూడండి."

తలుపు అద్దంలోంచి చూస్తూ ఇద్దరూ నిలబడ్డారు. చాలాసేపటికి జున్ను పళ్లు నూరడం ఆపింది. కళ్లు కొంచెం విచ్చుకున్నాయి. కల్పలత కొత్తిమీర రెమ్మ పెట్టి తప్పుకుంది. జున్ను వాసన చూసి మొహం తిప్పుకుంది. షాలేమ్ హదస్సా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. నొప్పెట్టినా ఆమె విడిపించుకోలేదు.

ఇంకాసేపటికి జున్ను ఒక ఆకు లాక్కుంది. సగం నమిలి వదిలేసింది.

"గండం గడిచిందని అప్పుడే అనను. ఇక్కడే ఉంచండి," అంది కల్పలత.

మర్నాడు పెంటికలు పడ్డాయని ఆమె ఫోన్ చేసింది. ఇంటికి తెచ్చుకున్నాక షాలేమ్ ఆఫీసుకు సెలవు పెట్టాడు. మందు తనే పట్టాడు. జున్ను మూతి తిప్పడంతో రెండు చుక్కలు కింద పడ్డాయి. హదస్సా ఆ రెండు చుక్కలూ సిరంజిలో మళ్లీ నింపి ఇచ్చింది.