నాయనమ్మ సాక్ష్యం

లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆమెకీ బస్సుల మెకానిక్‌కీ, కలిసి ఉంటున్నా పెళ్ళి కాలేదు. ఎప్పుడడిగినా "రేపు చూద్దాం" అనేవాడు. కూతురు పుట్టి బడికెళ్ళే ఈడొచ్చినా ఆ రేపు రాలేదు సరికదా, ఓ రోజు మనిషే చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడు. పిల్ల ఖర్చుల కోసం ఆమె కోర్టుకెక్కింది.

నోటీసు అందగానే ఫోన్ చేశాడు. "పెళ్ళా పెటాకులా, ఏ మొహం పెట్టుకుని కేసేశావ్? పిల్లని ఎత్తుకుపోతా. అప్పుడేం చేస్తావో చూస్తా."

"పెళ్ళి లేకపోయినా తండ్రి తండ్రేనమ్మా. ఉత్త బెదిరింపులు," అంది లాయరమ్మ. అయినా తల్లికి మనసు కుదుటపడలేదు. దారిలో పిల్ల చెయ్యి ఎంత గట్టిగా పట్టుకునేదంటే, "నొప్పే అమ్మా" అనేది పిల్ల.

వాయిదా ముందురోజు సాయంత్రం బడికెళ్తే పిల్ల లేదు.

"వాళ్ళ నాయనమ్మ వచ్చి తీసుకెళ్ళిందే," అంది టీచరమ్మ.

తల్లి చెప్పు తెగినా ఆగకుండా పరిగెత్తి, మెకానిక్ వాళ్ళింటి తలుపు దబదబా బాదింది. ముసలావిడ తలుపు తీసింది. లోపల పిల్ల సగం జడతో కూర్చుని ఉంది. కొక్కానికి అతని చొక్కా వేలాడుతోంది.

"ఎక్కడాయన?" పిల్లని ఒళ్ళోకి లాక్కుంటూ అడిగింది.

"ఇంకా రాలేదు. వచ్చేలోపు వెళ్ళిపోండి." ముసలావిడ గొంతు తగ్గించింది. "మాట మార్చాడే. ఈ పిల్ల తన బిడ్డ కాదంటాడట. నన్నూ రేపు కోర్టుకొచ్చి అదే చెప్పమన్నాడు. ఆ మాటన్నాక మళ్ళీ దీని మొహం చూడగలనా? అందుకే ఒక్కసారి తెచ్చుకున్నా."

"మరి చెప్తారా?"

"వాడి చేతికూడే తింటున్నానే..."

బయట బండి ఆగిన చప్పుడైంది. ముసలావిడ పెరటి తలుపు తీసింది. తల్లీకూతుళ్ళు గోడవారనే జారుకున్నారు.

మర్నాడు కోర్టులో కొడుకు కళ్ళెర్రజేసి చూస్తుంటే ముసలావిడ తల దించుకుంది. జడ్జి రెండోసారి అడిగాక బోను కమ్మీ పట్టుకుని అంది: "నా కొడుకు బిడ్డేనండీ. పుట్టగానే మొదట ఎత్తుకుంది నేనే."

కేసు తేలేదాకా నెలనెలా పిల్ల ఖర్చులివ్వాలని జడ్జి చెప్పాడు. కొడుకు తల్లి వంకైనా చూడకుండా బండెక్కి పోయాడు. ముసలావిడ మెట్లమీదే నిలబడిపోయింది.

"ఇంటికెలా వెళ్తారత్తా?" మొదటిసారి ఆ వరస కలిపి పిలిచింది ఆమె.

"ఇంటికా? భయంగా ఉందే."

భయం ఆమెకూ పోలేదు. అయినా ఒక చేత్తో పిల్లని పట్టుకుని, రెండో చెయ్యి ముసలావిడకిచ్చి మెట్లు దిగింది.