అరుంధతి గారి కూపే

1996 వేసవిలో అరుంధతి గారి పాత కారుకు ఒక బేరం వచ్చింది. యూనివర్సిటీలో ఫిజిక్సు చెప్పి రిటైరైన ఆవిడ తార్నాకలో ఉంటున్నారు. ఆవిడది 1962 నాటి ఎర్ర స్పోర్ట్స్ కూపే. రెండే తలుపులు, ఇద్దరికే చోటు. నిరుడు భుజానికి ఆపరేషన్ అయినప్పటి నుంచి దాని స్టీరింగ్ తిప్పలేకపోతున్నారు. అంబర్‌పేట్ కాంట్రాక్టరు శ్రీనివాసరావుకు పాత బళ్ళ పిచ్చి. కూపే ఇస్తే, విదేశం నుంచి తెప్పించుకున్న తన కొత్త కారు ఇస్తానన్నాడు. అదీ రెండు తలుపులదే గానీ, దూరప్రయాణాలకని చేసిన పెద్ద లగ్జరీ బండి.

"రెండూ నడిపి చూడు దానయ్యా. నువ్వేమంటే అదే," అన్నారావిడ. ఇరవై ఏళ్ళుగా ఆ కూపేను బాగుచేస్తున్న మెకానిక్ దానయ్య.

శనివారం పొద్దున్నే ముగ్గురూ రెండు కార్లలో యూనివర్సిటీ క్యాంపస్‌కు వెళ్ళారు. దానయ్య ముందు కూపే తీశాడు. స్టీరింగ్ బరువుగా ఉంది. రోడ్డు మీది ప్రతి గతుకూ నడుముకు తెలుస్తోంది. ఇంజన్ చప్పుడు వింటూ, స్పీడెంతో చూడకుండానే చెప్పగలడు.

తర్వాత కొత్తది. తాళం తిప్పాడు. చప్పుడే లేదు. మళ్ళీ తిప్పబోతే పక్కనున్న శ్రీనివాసరావు చెయ్యి పట్టుకున్నాడు.

"స్టార్టయిందయ్యా!"

ఆర్ట్స్ కాలేజీ దాటాక దానయ్య అడిగాడు. "మెల్లగనే పోతున్న గద సార్?"

"ఎనభైలో ఉన్నావు."

దానయ్య ఉలిక్కిపడి బ్రేకు తొక్కాడు. బండి కుదుపు లేకుండా ఆగింది. వెనక్కి తిప్పి, అరుంధతి గారు నిలబడ్డ చోటికి తెచ్చాడు. దిగి బానెట్ ఎత్తితే నల్లటి ప్లాస్టిక్ మూత కనిపించింది. ఎక్కడ చెయ్యి పెట్టాలో తోచలేదు.

"ఏమంటావు?" అరుంధతి గారు అడిగారు.

"నాకు సమజైతలేదమ్మా. కొత్తది మంచిగున్నది. మీ భుజం నొయ్యది. కానీ దాన్ల కూసుంటే నడిపేది నేనేనా అనిపించింది. పాతదే ఉంచుకోండి అందామంటే, గది మీ కోసం అంటున్ననా, నా పని పోతదని అంటున్ననా... గది కూడ తెల్వదు."

"నేనూ నెల్లాళ్ళుగా ఎటూ తేల్చుకోలేకే నీ మీదకు నెట్టాను," అని తాళాలు తీసుకుని, కొత్త కారులో తానే ఒక చుట్టు తిరిగి వచ్చారు. దిగేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి.

"నొప్పి లేదు. సంతోషమేనా అంటే చెప్పలేను," అన్నారు. అయినా కూపే కాగితాలు శ్రీనివాసరావు చేతికిచ్చారు.

ఆ సాయంత్రం దానయ్యే కూపేను అంబర్‌పేట్ చేర్చాడు. చలికి స్టార్టవకపోతే ఏం చేయాలో, రెండో గేరు ఎంత నెమ్మదిగా వేయాలో కొత్త యజమానికి చూపించాడు. ఇరవై ఏళ్ళలో నేర్చుకున్నదంతా పది నిమిషాల్లో అయిపోయింది.

వారం తర్వాత అరుంధతి గారి కారు చప్పుడు లేకుండా వచ్చి అతని షెడ్డు ముందు ఆగింది.

"బంకులో అరగంట నిలబడ్డాను దానయ్యా. పెట్రోలు మూత ఎలా తెరవాలో నాకూ తెలియలేదు, వాళ్ళకీ తెలియలేదు. శ్రీనివాసరావు గారేమో ఊళ్ళో లేరు."

"బండితోని పుస్తకం ఇయ్యలేదామ్మా?"

"ఇచ్చారు. ఏ భాషో అర్థం కావడం లేదు."

దానయ్య చేతులు తుడుచుకుని వచ్చి, మూత తెరిచే మీట కోసం డ్రైవరు సీటు కిందకు వంగాడు. ఆవిడ రెండోవైపు తలుపు తీసి వెతకసాగారు.