పద్దెనిమిదో గింజ

"పదకొండు," అని పైకే అన్నాడు చిట్టియ్య. కుడి జేబులోంచి ఒక చింతగింజ తీసి ఎడమ జేబులో వేసుకున్నాడు.

వాగులో నీళ్ళు మోకాలి కిందికే ఉన్నాయి. చెప్పులు చేత్తో పట్టుకుని, ప్యాంట్లు పైకి మడుచుకుని, కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని రాజమండ్రి జనం ఒక్కొక్కళ్ళే దాటుతున్నారు. నీళ్ళలోకి దిగే ముందు ప్రతివాళ్ళూ అతని పక్కన ఆగి, మొహం చూపించి, పేరు చెప్పాలి. ఇది ఈ ఏడాది చిట్టియ్య పెట్టిన కొత్త షరతు. బ్యాంకు ఆఫీసర్లూ, లెక్చరర్లూ బళ్ళో హాజరు పలికినట్టు పేర్లు పలుకుతున్నారు.

"పెద్దిరాజు. ఊరు రామచంద్రపురం. బరువు మాత్రం అడక్కు చిట్టియ్యా!"

ఒడ్డు మీద ఉన్నవాళ్ళంతా నవ్వారు. చిట్టియ్య నవ్వలేదు. గింజ మార్చుకుని, "పన్నెండు. తరవాతోరు రండి," అన్నాడు.

అతను ధవళేశ్వరంలో కాలవ లాకుల దగ్గర లస్కరు. లస్కరంటే తలుపులు ఎత్తేవాడు, దించేవాడు, అంతే. ఇనప చక్రం ఇన్ని చుట్లు తిప్పితే ఇంత నీరు కిందికి పోతుంది. మధ్యలో ఎవరైనా పలకరిస్తే లెక్క తప్పుతుందని, చుట్టుకో గింజ ఈ జేబులోంచి ఆ జేబులోకి మార్చుకోవడం ఉద్యోగంలో చేరిన కొత్తలోనే అలవాటైంది. ముప్ఫై ఒక్కేళ్ళుగా అదే పని. చక్రం లాగిలాగి కుడి భుజం ఎడమదానికన్నా అంగుళం దిగిపోయింది. పొట్టి మనిషి. అరచేతుల్లో చెప్పు అట్టంత మందాన కాయలు. సెలవు రోజున కూడా డిపార్టుమెంటు వాళ్ళిచ్చిన ఖాకీ ప్యాంటే. అంత లోతు జేబులు ఇంకే ప్యాంటుకీ ఉండవంటాడు.

ఎనిమిదేళ్ళ కిందట భాస్కరంగారు అతన్ని కొండలకి తీసుకొచ్చారు. ఆయన కాలేజీలో ఫిజిక్సు చెబుతారు, పొద్దున్నే కాలవగట్టు మీద నడుస్తారు. నెలకో ఆదివారం రంపచోడవరం అవతలి అడవిలోకి మనుషుల్ని పోగేసుకుని వెళ్ళడం ఆయన పిచ్చి. "వాగులు దాటాలి, తాడు మోయాలి, వస్తావా చిట్టియ్యా?" అని అడిగారు. వచ్చాడు. ఆ రోజు చిట్టియ్య ఒక బండ మీద కూర్చుని, రాతి సందులోంచి బొటనవేలంత లావున కారుతున్న నీటిధార వైపు చాలాసేపు చూశాడు. జీవితమంతా తన ముందునుంచి వెళ్ళిపోయే నీళ్ళని చూసినవాడికి, అవి బయల్దేరే చోటు చూడటం అదే మొదలు. అప్పటినుంచీ ఒక్క ఆదివారం మానలేదు. వరస చివర అతను నడుస్తాడు. ముందు నడిచేవాళ్ళెవరూ వెనక్కి తిరిగి చూడరు. చిట్టియ్య ఉన్నాడుగా, అంటారు.

పోయిన ఏడాది దాకా.

పోయిన ఏడాది తిరుగుదారిలో ఇదే వాగు దగ్గర అతను మొహాలు చూడలేదు, పాదాలు చూశాడు. నీటి దగ్గర పని చేసేవాడి కళ్ళు నీటి మీదే ఉంటాయి. రాతి మీద పాదం పడగానే ఒక గింజ. కట్టెలమోపు నెత్తిన పెట్టుకున్న ఒక కొండమనిషి వీళ్ళ మధ్యలో వాగు దాటింది. ఆవిడ పాదాలకీ ఒక గింజ పడింది. లెక్క సరిపోయింది. తెగిన చెప్పుకి పిన్నీసు పెట్టుకుంటూ బండ చాటున కూర్చున్న ఉమాశ్రీ అనే అమ్మాయి మాత్రం అవతల ఒడ్డునే ఉండిపోయింది. బస్సు దగ్గరికి వచ్చాక తెలిసింది. చిట్టియ్య మైలు దూరం పరిగెత్తుకుంటూ వెనక్కి వెళ్ళేసరికి ఆ పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, కూర్చున్న చోటు నుంచి కదలకుండా ఉంది.

ఆ తర్వాత భాస్కరంగారి అరుగు మీద పెద్ద రభసే జరిగింది. చిట్టియ్యని మానిపించి, అడవి డిపార్టుమెంటు గార్డునెవరినైనా పెట్టుకుందామన్నారు. భాస్కరంగారు ఎలాగో ఆపారు. ఆపి, అతనికి మాత్రం ఉన్నమాట చెప్పేశారు. "ఇంకొక్కసారి ఎవరైనా తప్పిపోతే నేను కూడా ఏమీ చెయ్యలేను చిట్టియ్యా." ఆ మాటతో చిట్టియ్యకి రెండు రాత్రులు నిద్ర లేదు. ఉద్యోగం ఇంకో పద్దెనిమిది నెలలు. అది పోయినా అతనికి బెంగ లేదు. కానీ ఈ వరస చివరి చోటు పోతే తనకి ఇంకేం మిగలదని అతనికి తెలుసు.

ఈ తెల్లవారుజామునుంచి ఎడమ రొమ్ములో ఏదో పట్టేసినట్టుగా ఉంది. గ్యాసే అనుకున్నాడు. భార్య రత్నమాణిక్యం వాము పొట్లం కట్టిచ్చి, "ఈ ఒక్కవారం మానెయ్యకూడదా?" అంది. ఈ ఒక్కవారమే మానకూడదు. ఏడాది తర్వాత మళ్ళీ అదే వాగు. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు.

పదిహేడో మనిషి ఉమాశ్రీ. బ్యాంకులో గుమాస్తా. ఏడాది తర్వాత మళ్ళీ ఇవాళే వచ్చింది. పేరు చెప్పలేదు. గుప్పిట విప్పి ఒక చింతగింజ చూపించింది.

"ఇదేంటమ్మా?"

"మీదండి. మమ్మల్నందర్నీ మీరు లెక్కపెడతారు. మిమ్మల్ని ఎవరు లెక్కపెడతారు చిట్టియ్యగారూ?"

"ఎనకాల ఉండేవోడు ఎక్కడ తప్పిపోతాడమ్మా?" అన్నాడు. ఈ పిల్ల తన మీద కోపంతో ఉంటుందని ఏడాదిగా కుమిలిపోయాడు. గింజ తీసుకుని కుడి జేబులో వేసుకున్నాడు. "అలాగేనమ్మా. నేను బస్సెక్కాక మారుద్ది ఇది."

ఆమె దాటింది. ఎడమ జేబులో గింజలన్నీ మళ్ళీ కుడి జేబులో పోసుకుని అతనూ దాటాడు. అవతల ఒడ్డున ఒక పుల్ల విరిచి, గోటితో నాలుగు గాట్లు పెట్టి, నీటి అంచున గుచ్చాడు. నీళ్ళు మొదటి గాటు దగ్గర ఉన్నాయి. ఎక్కడ నీరు కనపడితే అక్కడ కొలబద్ద పాతడం అతని జబ్బు.

జలపాతం అక్కడికి ఫర్లాంగు దూరం. దాని ముందు బండ మీద పులిహోర పొట్లాలు విప్పారు. ఇక కబుర్లు మొదలయ్యాయి. భాస్కరంగారు నల్ల అట్ట నోటుబుక్కు తీసి వచ్చేనెల దారి గీస్తున్నారు. పెద్దిరాజు తాను రెండేళ్ళ కిందట ఎలుగ్గొడ్డుని చూసిన కథ మళ్ళీ ఎత్తుకున్నాడు. ప్రతిసారీ ఆ ఎలుగ్గొడ్డు ఒక అడుగు దగ్గరికి వస్తోంది.

"వచ్చే నెల పైనుంచి ఎక్కి అవతల లోయలోకి దిగుదాం. నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి చిట్టియ్యా?" అని భాస్కరంగారు కేకేశారు.

అప్పటికే చిట్టియ్య అన్నం పొట్లం విప్పకుండానే వాగు దగ్గరికి వెళ్ళిపోయాడు.

నీళ్ళు రెండో గాటు దాటాయి. చూస్తుండగా ఎండుటాకులు గుంపులుగా కొట్టుకొచ్చాయి. వాటి వెనక సబ్బునురగలాంటి నురగ. అంతకన్నా ముఖ్యం, ఇందాక అడుగున రాళ్ళు కనిపించిన చోట ఇప్పుడు నీళ్ళలో పెట్టిన పాదం కూడా కనిపించడం లేదు. ఇక్కడ ఎండ కాస్తోంది. పై కొండల్లో ఎక్కడో కుండపోతగా కురుస్తూ ఉండాలి. పదిహేడుమందీ బస్సుకి అవతలి ఒడ్డునే ఉన్నారు.

తిరిగి వచ్చి భాస్కరంగారి ముందు నిలబడ్డాడు. "లేవాలండి. వరద దిగుతంది పైనుంచి."

"ఆకాశం అంత తేటగా ఉంటే వరదేంటి చిట్టియ్యా?" అన్నాడు పెద్దిరాజు, నోట్లో పులిహోరతో. "అరగంట ఆగు. వీళ్ళు స్నానాలు కూడా చెయ్యలేదు."

భాస్కరంగారు ఆకాశంలోకి చూశారు, నోటుబుక్కులోకి చూశారు. ఆయన మొహంలో పోయిన ఏడాది కనపడింది చిట్టియ్యకి. లెక్క తప్పినవాడి మాట ఎంతవరకు నమ్మొచ్చు? ఆ చూపు రొమ్ములో నొప్పి కన్నా ఎక్కువ బాధపెట్టింది. అయినా మాటా మాటా పెంచుకునే టైము లేదు.

"లేవండి!" అని అరిచాడు. ఎనిమిదేళ్ళలో ఆ గొంతు ఎవరూ వినలేదు. "ముప్ఫై ఏళ్ళు నీళ్ళ మొకం చూసి బతికినోణ్ణండి నేను. మనుషుల లెక్కలో తప్పానేమోగానీ, నీటి లెక్క తప్పను. లేవండి."

ముందు ఉమాశ్రీ లేచింది. తర్వాత ఒకళ్ళని చూసి ఒకళ్ళు లేచారు.

వాగు దగ్గరికి వచ్చేసరికి మూడో గాటు మునిగింది. భాస్కరంగారు తాడు కొస పట్టుకుని ముందు దాటారు. అవతల మద్దిచెట్టుకి కట్టారు. ఇవతల కొసని చిట్టియ్య బండకి ఒక చుట్టు చుట్టి, చేతులకి తిప్పుకుని నిలబడ్డాడు. భాస్కరంగారి గింజ అప్పుడే మారిపోయింది. ఇక ఎవరికీ నవ్వు రాలేదు. తాడు మీద చెయ్యి, కళ్ళు అవతలి ఒడ్డు మీద. ఒక్కొక్క పేరూ వణుకుతూ వచ్చింది.

"ఆరు. నడవండి. కిందికి చూడొద్దు. ఏడు."

పన్నెండో మనిషిగా పెద్దిరాజు దిగాడు. నడివాగులో కాలు జారింది. రెండు చేతులా తాడుకి వేలాడిపోయి ఇటూ రాలేక, అటూ పోలేక నిలిచిపోయాడు. ఆ బరువుకి తాడు చిట్టియ్య చేతుల్ని కోసేసింది.

"రాజుగారూ, ఎడం కాలు. ఎడం కాలు కింద బండుంది. ఎతకండి."

"లేదయ్యా, ఏమీ లేదు!"

"ఉందండి. పొద్దున నేను చూశాను."

నిజంగానే ఉంది. పెద్దిరాజు కాలు దానికి తగిలింది. అతను అవతలికి చేరేదాకా చిట్టియ్య ఊపిరి పీల్చలేదు. పీల్చుకోబోతే రాలేదు. ఎడమ చెయ్యి భుజం దాకా మొద్దుబారింది. ఎవరైనా చూశారేమోనని అటు చూశాడు. ఎవరూ చూడలేదు. మంచిదే.

పదమూడు. పద్నాలుగు. పదిహేను. పదహారు. ఉమాశ్రీ పేరు చెప్పి దిగింది. పదిహేడు.

కుడి జేబులో చెయ్యి పెట్టాడు. ఒక గింజ తగిలింది.

గుండె ఆగినంత పనైంది. ఎవరు? ఎవరు మిగిలిపోయారు? వెనక్కి తిరిగి చూశాడు. బండలు, ఎండ, ఖాళీ పొట్లాలు. "ఎవరండీ? ఎవరున్నారండీ ఇక్కడ?" అని కేకలు పెట్టాడు. అప్పుడు గుర్తొచ్చింది. తనే. సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. తాడు నడుముకి కట్టుకుని, ఛాతీలోతు నీళ్ళలోకి దిగాడు. అవతల పదిమంది లాగారు.

అతను ఒడ్డెక్కిన పది నిమిషాలకి వాగు మధ్య రాళ్ళన్నీ మాయమయ్యాయి. గాట్ల పుల్ల ఎటు పోయిందో తెలియదు. చెట్టు మొదలొకటి వేళ్ళతో సహా కొట్టుకుపోతుంటే అందరూ నిలబడి చూశారు.

పెద్దిరాజు వచ్చి, చిట్టియ్య చేతులు రెండూ పట్టుకుని, కోసుకుపోయిన అరచేతులు చూశాడు. భాస్కరంగారి కళ్ళద్దాల మీద తడి ఉంది.

"వచ్చే నెల దారి నువ్వే చెప్పాలి చిట్టియ్యా. నేను రాసుకుంటాను."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు చిట్టియ్య. ఏడాది నుంచి మోస్తున్న బరువు ఆ ఒక్క మాటతో దిగిపోయింది. "మీరు నడవండి. తాడు చుట్టుకుని ఎనకాలే వచ్చేత్తాను."

ఉమాశ్రీ కదల్లేదు. "మీకు చెమటలు పోస్తున్నాయి చిట్టియ్యగారూ."

"నీళ్ళమ్మా అవి. నడవండి. మీరు ఎనకాల ఉంటే నా లెక్క తప్పుద్ది."

ఆమె నవ్వి, మిగతావాళ్ళ వెనక నడిచింది. దారి చదును, బస్సు మైలు దూరంలో రోడ్డు మీద ఉంది. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. చిట్టియ్య ఉన్నాడుగా.

అతను మద్దిచెట్టుకి ఆనుకుని కూర్చున్నాడు. మోచేతికీ అరచేతికీ మధ్య తాడు చుట్టసాగాడు. ఎర్రనీరు హోరున పోతోంది. ఇదంతా గోదాట్లో కలుస్తుంది. రేపో ఎల్లుండో ధవళేశ్వరం దగ్గరికి వస్తుంది. డ్యూటీలో తనే ఉంటాడు. నిన్ను పుట్టినకాడే చూశానే అని దాంతో చెప్పాలనిపించింది. ఇంకా నాలుగు చుట్లు మిగిలాయి. కాసేపు ఆగి చుడదామనుకున్నాడు.

బస్సు దగ్గర అందరూ ఎక్కి తడి బట్టలు పిండుకుంటున్నారు. పెద్దిరాజు అప్పుడే వరద కథ డ్రైవరుకి చెప్పడం మొదలుపెట్టాడు. ఉమాశ్రీ తలుపు దగ్గర నిలబడి పేర్లు పిలుచుకుంటూ లెక్కపెట్టింది. తనతో పదిహేడు. వెనక తలుపు పక్కన సీటులో, పొద్దున చిట్టియ్య చోటు కోసం వేసి వెళ్ళిన తువ్వాలు అలాగే ఉంది.

"చిట్టియ్యగారేరి?"

"వస్తాడమ్మా. ఎప్పుడూ చివర అతనేగా," అన్నారెవరో.

ఆమె దిగి, వచ్చిన దారినే పరిగెత్తింది. ఏం తోచిందో, భాస్కరంగారూ పెద్దిరాజూ ఆమె వెనక బయల్దేరారు.

చిట్టియ్య చెట్టుకి ఆనుకునే ఉన్నాడు. కళ్ళు వాగు వైపు తెరిచి ఉన్నాయి. చుట్టిన తాడు ఒళ్ళో ఉంది. చుట్టని నాలుగు చుట్ల తాడు కాళ్ళ మీదుగా నేల మీద పడి ఉంది. భాస్కరంగారు రెండుసార్లు పేరు పెట్టి పిలిచారు. మూడోసారి పిలవలేక పక్కన కూలబడిపోయారు.

పెద్దిరాజు ఒక్కడే అతన్ని రెండు చేతుల మీద ఎత్తుకున్నాడు. ఎత్తుతుంటే ఖాకీ ప్యాంటు ఎడమ జేబులోంచి చింతగింజలు జలజల రాలాయి. ఉమాశ్రీ మోకాళ్ళ మీద కూర్చుని గడ్డిలో వెతికి వెతికి, కళ్ళు తుడుచుకుంటూ అన్నీ ఏరింది. పదిహేడు ఉన్నాయి.

కుడి జేబులోకి చెయ్యి పెట్టింది. తడిసిన గుడ్డ మడతలో, పొద్దున తను ఇచ్చిన ఒక్క గింజా అక్కడే ఉంది.