కొప్పులో కొమ్మ

పరదేశం నుంచి వచ్చే మొక్కకి కూడా కాగితాలుంటాయనీ, దాని వేళ్ళు కడిగి, ఆకులు తిప్పి చూసి గానీ లోపలికి రానివ్వరనీ విన్నప్పుడు చిన్నావిడ పడీ పడీ నవ్వింది.

"మనం ఈ ఇంటికి కోడళ్ళుగా వచ్చినప్పుడు మనల్ని కూడా ఇంత పట్టి పట్టి చూళ్ళేదు కదక్కా!" అంది.

పెద్దావిడ నవ్వలేదు. ఆవిడకి ఏ మాటకైనా ముందు భయం వస్తుంది. ఆ భయం కాస్త సర్దుకునేసరికి నవ్వాల్సిన సమయం దాటిపోతుంది.

ఇద్దరూ తోడికోడళ్ళు. ఊరి చివర రోడ్డు పక్కన బత్తాయి అంట్లు కట్టి అమ్మే నర్సరీ వాళ్ళది. వాళ్ళని కట్టుకున్న అన్నదమ్ముల్లో పెద్దాయన పోయాడు, చిన్నాయన వెళ్ళిపోయాడు. పోయినాయన ఫొటో గోడ మీద ఉంది. వెళ్ళిపోయినాయన ఫొటో ఎక్కడ పెట్టాలో ఇద్దరికీ తోచక చివరికి బీరువా వెనక్కి తోశారు. వంట పెద్దావిడది, కత్తి చిన్నావిడది. అంటు కట్టడంలో చిన్నావిడ చెయ్యి అలాంటిలాంటి చెయ్యి కాదు. ఆవిడ రెమ్మ మీంచి మొలకెత్తే కన్ను తీసి అతికించిందంటే మొక్క కాదనలేదని చుట్టుపక్కల రైతులు అనేవారు.

అంట్లన్నిటికీ కన్నులు ఇచ్చేది ఇంటి ముందున్న తల్లిచెట్టు ఒక్కటే. మంచి కాయ, కానీ పాత జాతి. కొనేవాళ్ళు గింజలేని కొత్త జాతి అడగడం మొదలుపెట్టారు. చిన్నావిడ ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, అనుమతి సంపాదించి, ఆ కొత్త జాతి మొక్కల్ని పరదేశం నుంచి తెప్పించింది. తెప్పించిన రోజే ఒక మాట కూడా అనేసింది.

"ఇవి బతికి బట్టకడితే నేనిక్కడే అక్కా. కాదంటే మా అన్నయ్య పిలుస్తూనే ఉన్నాడు. రేవు దగ్గర వాళ్ళింట్లో నాకో గది ఉంది. పాత కాయని పట్టుకుని ఇద్దరం ఎంతకాలం వేలాడతాం?"

కోపంగా అన్న మాట కాదది. లెక్క చూసి అన్నట్టు అంది. అందుకే అది పెద్దావిడ గుండెలో ముల్లులా దిగింది. కోపంలో అన్నదైతే చల్లారాక మర్చిపోవచ్చు.

*

మొక్కలు రేవులో తనిఖీ అయి వచ్చినా, నేరుగా తోటలో నాటడానికి వీల్లేదు. నర్సరీ వెనక సన్నని వలతో గది కట్టించారు. ఒక తలుపు మూసుకున్నాక గానీ రెండోది తెరుచుకోదు. గడప దగ్గర మందునీళ్ళ పళ్ళెం, లోపలికి వేరే చెప్పులు, వేరే కత్తి, వేరే కోటు. కత్తిరించిన ప్రతి రెమ్మా మూతున్న పీపాలో వేసి, లోపలి గుంటలోనే కాల్చాలి. తలుపు మీద పలక: ఆకు, కొమ్మ, వేరు, మట్టి ఏదీ ఇక్కణ్ణించి బయటికి పోరాదు.

క్వారంటైన్ అధికారి వయసులో చిన్నవాడే. మెడలో ఎప్పుడూ లెన్సు వేలాడుతుంటుంది. చిన్నావిడ అతనికి మొదటిరోజే 'భూతద్దం' అని పేరు పెట్టింది.

"కొత్త మొక్క పైకి నవనవలాడుతూనే ఉంటుందమ్మా," అన్నాడతను. "లోపల తెగులుంటే బయటపడ్డానికి నెలలు పడుతుంది. అందాకా ఇది వేరుగా ఉండాల్సిందే. తెగులు బయటపడితే వీటితో పాటు వీటిని తాకినవన్నీ తీసెయ్యాలి."

"అంటే మమ్మల్ని కూడానా బాబూ?" అని అడిగింది చిన్నావిడ. అతను నవ్వాలో వద్దో తెలియక లెన్సు తుడుచుకున్నాడు.

పెద్దావిడ మాత్రం ఆ పలకని వచ్చినప్పుడల్లా చదివేది. చదివిందే మళ్ళీ చదివేది.

"ఏంటక్కా, పరీక్ష రాస్తావా?" అనేది చిన్నావిడ. "వాన రాకముందే తడిసిపోయే రకానివి నువ్వు."

అంటు కట్టేవాళ్ళకి ఒక అలవాటుంది. ఒక చేతిలో కత్తి, రెండో చేతిలో మొక్క, పళ్ళ మధ్య ప్లాస్టిక్ పట్టీ. కోసిన మంచి రెమ్మ పెట్టుకోవడానికి మూడో చెయ్యి ఉండదు. అందుకని దాన్ని కొప్పులో దోపుకుంటారు. తలస్నానం చేసిన కొప్పులో రెమ్మ సాయంత్రం దాకా వాడదు. జుట్టు పల్చబడ్డాక పెద్దావిడకి ఆ అలవాటు పోయింది. చిన్నావిడ జుట్టు ఇప్పటికీ రెండు చేతులకి గానీ అందదు. కోటు మార్చుకునేటప్పుడు కోటు చూసేవారు, చెప్పులు విప్పేటప్పుడు చెప్పులు చూసేవారు. కొప్పు ఎవరు చూస్తారు?

*

విడుదల కాగితం ఇవ్వడానికి వచ్చిన అధికారి ఒక మొక్క దగ్గర ఆగిపోయాడు. ఆకు ఈనెకి ఒకపక్క పసుపు మచ్చలు, రెండోపక్క పచ్చగానే ఉంది. రెండుపక్కలా ఒకేలా ఉంటే ఎరువు తక్కువైందనుకోవచ్చు. ఇది అలా లేదు. లెన్సు కంటికి పెట్టుకుని ఆకుని తిప్పి తిప్పి చూశాడు. ఆకులు సంచిలో కట్టుకుని పరీక్షకి తీసుకెళ్ళాడు. ఫలితం చెప్పడానికి వచ్చిన రోజున చేతిలో ఎర్ర పట్టీ చుట్ట ఉంది. తెగులు తేలి తీసెయ్యాల్సిన మొక్కలకి కట్టే పట్టీ అది.

ఒక్కో మొక్కకీ పట్టీ కట్టుకుంటూ వెళ్ళాడు. చివరిదాకా కట్టాక వీళ్ళ వైపు తిరిగాడు.

"ఒక్క మాట నిజం చెప్పండమ్మా. ఈ గదిలోంచి ఒక్క రెమ్మైనా బయటికి పోయిందా?"

"లేదు," అంది చిన్నావిడ చప్పున.

"లేదు బాబూ," అంది పెద్దావిడ కూడా. ఆవిడకి తెలిసినంతలో అది నిజమే.

"అయితే వీటితో సరి. రేపు పొద్దున వచ్చి బయటి తోట కూడా ఒకసారి చూసి, అమ్ముకోడానికి కాగితం ఇచ్చేస్తాను. పోయుంటే మాత్రం తల్లిచెట్టుతో సహా ఈ ఆవరణలో ఒక్క మొక్క మిగలదు. నేల శుభ్రమని తేలేదాకా ఇక్కడ అంటు కట్టడం కూడా కుదరదు."

గుంటలో మొక్కలు తగలబెట్టారు. పచ్చిమొక్కలు కదా, అంత తొందరగా అంటుకోలేదు. బత్తాయి ఆకు కాలే వాసన కమ్మగా ఉంటుంది. ఆ రోజు ఆ కమ్మదనం పడక పెద్దావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఊరుకో అక్కా," అంది చిన్నావిడ పొగలోంచి కళ్ళు తుడుచుకుంటూ. "అన్నీ పోలేదులే. నాకెందుకో నమ్మకముంది. అన్నయ్యకి రానని చెబుతాను."

వినాలని పెద్దావిడ ఇన్నాళ్ళుగా కాచుకున్న మాట అది. కానీ 'అన్నీ పోలేదు' అన్నదెందుకో ఆవిడకి అర్థం కాలేదు.

*

అర్థమైంది పొద్దు వాలేవేళ. తల్లిచెట్టుకి నీళ్ళు పెడుతూ, నడుం నొప్పికి అలవాటుగా చెట్టుని పట్టుకుంది. ఇంటివైపు కొమ్మకి వెనకపక్క, దారిన పోయేవాళ్ళకి కనిపించని చోట, చేతికి ప్లాస్టిక్ పట్టీ తగిలింది. పట్టీ పైనుంచి జానెడు చిగురు. ఆకు వెడల్పు వేరు, పచ్చదనం వేరు. ముడి మాత్రం చిన్నావిడదే; తను నేర్పినట్టు లోపలికి మడిచి కట్టే చెయ్యి ఇంకొకటి లేదు.

చెంబు కింద పడ్డ చప్పుడుకి చిన్నావిడ వచ్చింది. పెద్దావిడ ఏం చూసిందో మొహం చూడగానే తెలిసిపోయింది.

"కావాలని తేలేదక్కా. స్నానానికి కొప్పు విప్పితే పడింది. పీపాలో వేద్దామనే తీశాను. కన్ను చూస్తే నిండుగా ఉబ్బి ఉంది. ప్రాణమున్న రెమ్మని పారెయ్యడం నాకెవరు నేర్పారు? నువ్వు నేర్పావా?"

చిన్నావిడకి అంటు నేర్పింది పెద్దావిడే.

"ఇందాక అతను అడిగినప్పుడు..."

"అడిగితే? చెట్టు కొట్టెయ్యమని చేతికి గొడ్డలివ్వనా?" చిన్నావిడ నడుముకున్న కత్తి తీసి, చిగురుని పట్టీతో సహా ఒక్క కోత కోసింది. "అయిపోయింది. పొయ్యిలో పడేస్తాను. ఎవరికి తెలుస్తుంది?"

"కొమ్మ కోశావు. రసంలోకి దిగిన తెగుల్ని ఎలా కోస్తావు?"

"దిగిందని నీకెలా తెలుసు?"

"దిగలేదని నీకెలా తెలుసు?"

ఇద్దరూ వరసల వైపు చూశారు. అక్కడున్న అంట్లన్నీ ఈ చెట్టు కన్నులే. చిన్నావిడ ఆ రెమ్మ అతికించాక తీసిన కన్నులవి. రేపే వాటిని ఎత్తుకుపోడానికి, బేరం చేసుకున్న తోటాయన లారీ తెస్తున్నాడు. మొన్న పెళ్ళాన్ని కూడా తీసుకొచ్చాడు. ఇంటికి దగ్గరగా వేసే వరసకి మొక్కలు నేనే ఏరుకుంటానని ఆవిడ వంగి వంగి ఏరుకుంది. వాళ్ళ తోట పక్కన ఇంకో తోట, దాని పక్కన ఇంకోటి.

"చెప్పావంటే నేనిక్కడ ఉండడానికేం మిగలదు," అంది చిన్నావిడ. గొంతులో బెదిరింపు లేదు. "తెలుసుగా?"

"తెలుసు."

"తెలిసీ చెబుతావా?"

పెద్దావిడ కింద పడ్డ చెంబు తీసి, మిగిలిన నీళ్ళు చెట్టు మొదట్లోనే పోసింది.

*

తెల్లవారాక బూడిద గుంట దగ్గరికి వెళ్ళింది. కంచె ముళ్ళకి ఎర్ర పట్టీ ముక్క ఒకటి చిక్కుకుని ఉంది. దాన్ని తీసి చేతిలో పెట్టుకుంది. ఈ ముక్కని కూడా బూడిదలోకి తోసేస్తే సరి. మధ్యాహ్నం ఇద్దరూ కలిసి అన్నం తింటారు. చిన్నావిడ ఏదో ఒక వేళాకోళం ఆడుతుంది. రోజులు నడుస్తాయి. ఎక్కడో ఒక ఆడమనిషి తన ఇంటి ముందు చెట్టు ఎందుకు ఒకపక్క పసుపెక్కుతోందో తెలియక, ఎరువు మీద ఎరువు వేస్తూ ఉంటుంది.

వెళ్ళి తల్లిచెట్టు కొమ్మకి ఆ ఎర్ర పట్టీ కట్టింది. వేళ్ళు అలవాటుగా ముడిని లోపలికి మడిచాయి.

అధికారి వచ్చి చెట్టు ముందు ఆగాడు. "ఇది నేను కట్టలేదే!"

"నేను కట్టాను బాబూ. వెనకవైపు చూడు."

కోసిన గాయం ఇంకా పచ్చిగానే ఉంది. అతను దాన్ని చూసి, పెద్దావిడని చూశాడు. "ఎవరు తెచ్చారమ్మా బయటికి?"

"మా ఇంట్లోంచే..." అని ఆగిపోయింది పెద్దావిడ.

"నేనే," అంది చిన్నావిడ గడపలోంచి. "కొప్పులో తెచ్చాను. ఆవిడకి నిన్నటిదాకా తెలీదు. రాసుకోండి."

ఆ మాట అంటున్నప్పుడు అతని వైపే చూసింది గానీ పెద్దావిడ వైపు చూడలేదు.

"చెట్టుని కూడా పరీక్ష చేయిస్తే తేలదా బాబూ? దిగలేదేమో?" అని అడిగింది పెద్దావిడ.

"ఇంత తొందరగా తేలదమ్మా. తేలేదాకా నిలబెట్టడానికి నాకు రూలు లేదు," అన్నాడతను. గొంతు తగ్గించి, "ఉంటే బావుండేది," అన్నాడు.

దిగిందో లేదో ఇక ఎవరికీ తెలియదు. చెట్టు మధ్యాహ్నానికల్లా నేల మీద ఉంది. తోటాయన ఖాళీ లారీ తిప్పుకుంటూ, "ముందే చెప్పి ఏడిస్తే ఇంకోచోట చూసుకునేవాణ్ణి కదమ్మా! అదును దాటిపోయింది," అని విసుక్కుని వెళ్ళాడు. తన తోట బతికినందుకు సంతోషించాలని అతనికెలా తెలుస్తుంది?

*

చిన్నావిడ తర్వాత కూడా మాటలు మానలేదు. ఉప్పు సరిపోయింది, పంపు కారుతోంది, తలుపు వెయ్యి, అన్నీ మాట్లాడింది. వేళాకోళం ఒక్కటే మానేసింది. అది లేకపోతే ఇల్లు ఎంత పెద్దదో పెద్దావిడకి మొదటిసారి తెలిసింది.

వెళ్ళే రోజున గేటు దగ్గర మందునీళ్ళ పళ్ళెం ఉంది. వలగది రూలు ఇప్పుడు ఇల్లంతటికీ వచ్చింది. బయటికి పోయేవాళ్ళ కాళ్ళూ, సామానూ చూసి పంపించే బాధ్యత పెద్దావిడదేనని అధికారి అప్పగించి వెళ్ళాడు.

చిన్నావిడ చెప్పులు పళ్ళెంలో ముంచింది. పెట్టె కింద పెట్టి మూత తెరిచింది. బట్టలు, దువ్వెన, అన్నయ్య పిల్లలకని కొన్న గాజులు. కత్తి లేదు. దాన్ని వంటింటి గూట్లోనే వదిలేసింది.

"మూసెయ్యవే, ఎవరు చూడమన్నారు," అంది పెద్దావిడ.

"చూడాలి. రూలు కదా." అని చెయ్యి వెనక్కి పెట్టి కొప్పు విప్పింది. జుట్టు నడుం దాటి జారింది. తల వంచి ఒకసారి గట్టిగా విదిల్చింది. "చూసుకో అక్కా. ఏం లేదు."

పెద్దావిడ చిన్నావిడ వెనక్కి వెళ్ళి, ఆ జుట్టంతా రెండు చేతుల్లోకి తీసుకుని మెలితిప్పసాగింది. చిన్నావిడ కదలకుండా నిలబడింది.

"మరీ బిగించకు, తలనొప్పి."

"మళ్ళీ వస్తావా?"

"భూతద్దాన్ని అడుగు. నేను శుభ్రమని కాగితమిస్తే వస్తాను."

వేళాకోళమే అది. ఇన్నాళ్ళకి మళ్ళీ విన్న వేళాకోళం. పెద్దావిడ నవ్వబోయింది, ఎప్పటిలాగే ఆలస్యమైంది. బస్సు వచ్చేసింది. ఎక్కాక చిన్నావిడ ఇటువైపు కిటికీ దగ్గర కూర్చోలేదు.

పళ్ళెంలో నీళ్ళు రోజూ పారబోసి కొత్తవి కలపాలని రూలు. ఆ నీళ్ళ అడుగున చిన్నావిడ చెప్పుల మట్టి సన్నగా పేరుకుని ఉంది. పెద్దావిడ పళ్ళెం చేతుల్లోకి తీసుకుంది. ఒలకకుండా మళ్ళీ అక్కడే దించి, గేటు వేసుకుంది.